అన్నయ్యా, కంప్యూటర్ ఆపొద్దు

అన్నయ్యా, కంప్యూటర్ ఆపెయ్యకు, స్కాన్ ఇంకా నడుస్తోంది. నెట్‌లోంచి ఉచిత యాంటీవైరస్ దించి నేనే పెట్టాను. "ఊరికే వచ్చేది ఏం పనిచేస్తుందే?" అని నిన్న నవ్వావుగా! పొద్దున్నే నాలుగు వైరస్‌లను పట్టుకుంది. నాలుగూ నువ్వు దించిన పేకాటలోంచి వచ్చినవే. ఆ ఆట పీకేశాను. మళ్ళీ పెట్టాలంటే నా పాస్‌వర్డ్ కావాలి, నేను చచ్చినా చెప్పను.

పోయిన నెల నేను టైపు చేసిన లాయరుగారి కాగితాలన్నీ మాయమైతే, "దీనికి చేతకాదు" అని అమ్మ ముందు తేల్చేశావు. ఆ మాట అమ్మ ముందే వెనక్కి తీసుకో. అప్పటిదాకా నీతో మాట్లాడను, అందుకే ఈ చీటీ. ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్తున్నా, మళ్ళీ పని ఇచ్చారు.

అన్నట్టు, మీ పాప తొలి అడుగుల వీడియో భద్రంగా ఉంది. నా ఫైళ్లకంటే ముందు దాన్నే పెన్‌డ్రైవ్‌లో దాచాను.