పదహారేళ్లు దాటినట్టు కనిపించే మనిషి

బ్లూమ్‌ఫాంటీన్,
మార్చి 4

అత్తమ్మా,

మీ మోకాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను. మీ మనవడు తుమెలో బాగా చదువుకుంటున్నాడు. ఈ విషయం ఫోన్లో మీతో అనడానికి నాకు నోరు రాదు, అందుకే కలం పట్టాను.

పదకొండేళ్లుగా ఆసుపత్రి వంటగదిలో గంజి కలుపుతున్నాను. ఇప్పుడు సామాన్ల గది బాధ్యత నాకిస్తామన్నారు. కూర్చుని చేసే పని, ఆదివారాలు సెలవు. కాగితాల మీద సంతకం పెట్టించే ముందు నా క్రెడిట్ రిపోర్ట్ తెప్పించారు. చూస్తే నాలుగేళ్ల కిందటి కోర్టు డిక్రీ ఒకటి నా పేరు మీద తిష్ట వేసుకుని ఉంది. మీ ఇంటి చిరునామా ఇచ్చి, మీ గది కోసమే వాయిదాల మీద కొన్నానే, ఆ అలమర గురించి. ఆఖరి వాయిదాతో సహా కట్టాను. రసీదులన్నీ బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. కొట్టు ఎత్తేస్తూ వాళ్లు పాత లెక్క పట్టుకుని కోర్టుకెక్కారు. నేను హాజరు కాలేదు గనక ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేశారు. రసీదులతో పాటు, సమన్లు నాకు అందలేదని రుజువు చేస్తే డిక్రీ కొట్టేస్తారట. ఏప్రిల్ నెలాఖరులోగా రిపోర్ట్ శుభ్రపడితేనే ఉద్యోగం.

కోర్టు గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. సమన్లు తెచ్చిన కోర్టు అమీనా అందులో ఇలా రాశాడు: 'ఫిక్స్‌బర్గ్‌లోని ఇంటి వద్ద, పదహారేళ్లు దాటినట్టు కనిపించే మనిషికి అందజేశాను.' అప్పట్లో మీ అబ్బాయి టెఫో గనిలో పనికి పోయి ఉన్నాడు, నేనిక్కడ ఉన్నాను. ఆ ఇంట్లో ఉన్నది మీరొక్కరే. కోడలి కాగితం తీసుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా ఎక్కడ దాచారు?

పెళ్లినాడు నా భుజాల మీద దుప్పటి కప్పి, ఇవాళ్టి నుంచి నువ్వు మాతుమెలోవి, తుమెలో తల్లివి అన్నారు. తుమెలో పుట్టడానికి రెండేళ్ల ముందే నేను తుమెలో తల్లినైపోయాను. మన ఆచారం అదే, కాదనను. కానీ ఆ దుప్పటి కిందే నేను ఏడ్చాను. అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటని ఈ పన్నెండేళ్లలో మీరు ఒక్కసారి కూడా అడగలేదు. జూన్‌లో చిన్న మరిది పెళ్లికి మేం రాము. నిజం రాసి పంపండి, అంతకు మించి మిమ్మల్ని ఏమీ అడగను.

డిసెబో


ఫిక్స్‌బర్గ్,
మార్చి 15

మాతుమెలో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది. రెండోసారి అడుగున ఉన్న సంతకం చూశాను, అప్పుడు నీ పేరు గుర్తొచ్చింది.

ఆ మనిషి నాకు బాగా గుర్తు. పెరట్లో పీచ్ పళ్లు కోసి ఎండబెడుతున్నాను. గేటు దగ్గర నిలబడి, "డిసెబో మొలెఫే ఉందా?" అన్నాడు. "ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరు నాయనా," అన్నాను. "ఇంటిపేరు మొలెఫేనే కదా, తీసుకోమ్మా. నేనింకా పదిళ్లు తిరగాలి," అని కాగితం చేతిలో పెట్టి పోయాడు. అరవై ఒక్కేళ్ల దాన్ని పదహారు దాటినట్టు కనిపించానని రాశాడా? ఎదురైతే వాడికో బుట్టెడు పళ్లిస్తాను.

నాకు తట్టిన డిసెబో మొలెఫే మీ చిన్నమామ కూతురు. అప్పటికే అది మూడు కొట్లలో అరువుకు చెప్పులు కొని ఉంది. తిన్నగా వాళ్లింటికి పోయి, నలుగురిలో నిలబెట్టి, మొలెఫేల పరువు కోర్టుకీడ్చావని చెడామడా తిట్టాను. నాది కాదు పెద్దమ్మా అని అది ఎంత మొత్తుకున్నా వినలేదు. ఏడ్చి ఏడ్చి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టింది.

నీ పేరు పెళ్లి మాటలప్పుడు ఒక్కసారి విన్నాను. దుప్పటి కప్పాక పాత పేరు పలికితే కోడలు ఇంట్లో నిలవదని మా అత్త చెప్పింది. పలక్క పలక్క మరిచే పోయాను. నిన్న వెళ్లి ఆ పిల్లకు క్షమాపణ చెప్పుకున్నాను. అరగంట గేటు బయటే నిలబెట్టింది, న్యాయమే. సాక్ష్యానికి తనూ వస్తానంది. సోమవారం బస్సుకు ఇద్దరం వస్తున్నాం. మీ ఇంట్లో పడుకోనిస్తావో లేదో రాయి.

మాటెఫో


బ్లూమ్‌ఫాంటీన్,
ఏప్రిల్ 29

కెనువే అత్తమ్మా,

తప్పుగా అనుకోకండి. పోలీస్ స్టేషన్లో విన్ననాటి నుంచి ఆ పేరు నా నోట్లోనే తిరుగుతోంది.

ముందు మంచి కబురు. పదిహేడో తారీకున డిక్రీ కొట్టేశారు. కొత్త రిపోర్ట్ ఇవాళ వచ్చింది, అందులో ఆ డిక్రీ ఆనవాలు కూడా లేదు. సోమవారం నుంచి సామాన్ల గది తాళాలు నా చేతిలో ఉంటాయి. చిన్నమామ కూతురికి చెప్పులు కొనిస్తానని చెప్పండి, ఈసారి రొక్కానికే.

కోర్టుకిచ్చే అఫిడవిట్ మీద స్టేషన్లో ప్రమాణం చేయించేటప్పుడు ఆ పోలీసాయన పూర్తి పేరు చెప్పమంటే మీరు మాటెఫో అన్నారు. ఆయన మీ గుర్తింపు కార్డు తిప్పి చూసి, "ఇందులో కెనువే అని ఉంది కదమ్మా," అన్నాడు. మీరు కార్డు వెనక్కి తీసుకుని, "అవును బాబూ. అదీ నేనే," అన్నారు. మీ అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరని బస్టాండులో మీరు చెబుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. నా పేరు అడగలేదని మీ మీద ఉత్తరం నిండా నిష్ఠూరమాడాను. ఈ పన్నెండేళ్లలో మీ పేరు నేను మాత్రం ఎప్పుడడిగాను?

'డిసెబో నా కోడలు. సమన్లు ఆమెకు అందలేదు. పొరపాటు నాది' అని మీరు చెప్పి రాయించిన కాగితం నకలు రసీదులతో పాటు బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. కోర్టు పని అయిపోయినా అది పారేయను.

జూన్‌లో పెళ్లికి వస్తున్నాం. కొత్త కోడలికి పేరు నన్నే పెట్టమని కబురంపారు. అలాగే పెడతాను, దుప్పటి కూడా నేనే కప్పుతాను. కానీ కప్పే ముందు, మీ పక్కనే నిలబడి, అందరికీ వినబడేలా ఆ పిల్ల పేరేమిటో అడుగుతాను.

మీ కోడలు,
డిసెబో మాతుమెలో