కాన్సులేట్ అడిగిన పేరు

రమణ బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పరాయి దేశంలో వెల్డింగ్ పనికెళ్లిన ఊళ్లోనే, ఆసుపత్రి మార్చురీలో ఉన్నావు. దహనం కాలేదు కనుక పెద్దకర్మా ఆగింది.

అక్కడి మన కాన్సులేట్ గురించి ఒకప్పుడు పెద్ద వ్యాసం రాశాను. ఓడల్లో వచ్చే యాత్రికులకు సాయంగా మొదలైందనీ, ఇప్పుడు ఎక్కువగా చూసేది మీలాంటి కార్మికుల పాస్‌పోర్టులు, జీతాల తగాదాలు, చావు కాగితాలేననీ రాశాను. నువ్వు చదివి, "అయితే మనకక్కడో ఇల్లున్నట్టే కదేటి బావా" అన్నావు.

అక్కడికి రోజూ ఫోన్ చేస్తున్నాను. ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

నిన్ను ఇక్కడికి పంపమని మా చెల్లి పార్వతి రాసిన అంగీకార పత్రం నిన్న తిరిగొచ్చింది. నీ పేరుండాల్సిన చోట "మా ఇంటాయన" అని రాసింది. ముప్పై ఏళ్లుగా ఇతరుల వార్తలు దిద్దుతున్నవాణ్ని, అది చూడకుండానే పంపాను.

ఇవాళ ఆమెను బుచ్చయ్యపేట నుంచి అనకాపల్లిలో మా ఆఫీసుకి పిలిపించి ఫోన్ కలిపాను. చనిపోయినవారి పేరు భార్యే చెప్పాలన్నాడు అక్కడి ఉద్యోగి.

"మొగుడి పేరు నేనెలగ సెప్పీదన్నియ్యా? నువ్వే సెప్పీ."

"నేను చెబితే చెల్లదట, అమ్మా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రమణ" అంది.

"లైన్ బాలేదు, మళ్లీ చెప్పండి."

ఈసారి కొంగు తీసి, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పి, "రాసుకున్నారా?" అని అడిగింది.

రాసుకున్నానన్నాడు. నిన్నెప్పుడు పంపుతారో మాత్రం చెప్పలేదు.