దేన్నీ తిప్పని పళ్ళ చక్రం

ఫిబ్రవరి 3, సోమవారం

మనవరాలు వచ్చింది. నాటకాల కంపెనీలో స్టేజి సామాను తయారు చేసే ఉద్యోగం దానిది. అట్టతో కత్తులు, స్పాంజితో బండరాళ్ళు. లోపలికి వస్తూనే, తాతయ్యా, నువ్వు పుట్టుకతోనే స్టీమ్‌పంక్‌వి, నీకే తెలీదు అంది. తిట్టిందేమో అనుకున్నాను. కాదట.

ఫోన్‌లో బొమ్మలు చూపించింది. పొడుగు టోపీలు, ఇత్తడి కళ్ళజోళ్ళు, తోలు బెల్టులు, ఒంటినిండా పళ్ళ చక్రాలు. కరెంటూ పెట్రోలూ రాకుండా లోకం ఆవిరితోనే ముందుకు నడిచి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుని, ఆ ఊహకు తగ్గట్టు బట్టలు కట్టుకోవడమట. వచ్చే నెల ఒకటిన పెద్ద హాల్లో మేళా ఉందట. అమ్మమ్మనూ నన్నూ తీసుకువెళ్తానంటుంది.

అంతా చూసి, ఇందులో ఆవిరెక్కడే అని అడిగాను. ఆవిరి అక్కర్లేదు తాతయ్యా అంది.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు! ఆసుపత్రి లాండ్రీలో నా ఉద్యోగమంతా బాయిలర్ దగ్గరే గడిచింది. ఆవిరి ముందు పాటలా మొదలై తర్వాత తిట్టులా మారుతుంది. పాట ఎక్కడ ఆగి తిట్టు ఎక్కడ మొదలవుతుందో చెవికి తెలియాలి. నాకు పని నేర్పిన పెద్దాయనకు ఆవిరి ఒత్తిడి చూపించే గేజి చూసే అలవాటే లేదు. చెవి పైపుకు ఆనించి, ఇవాళ అమ్మగారికి కోపం వచ్చింది అనేవాడు. ఆయనకు మేళా గురించి చెబితే నన్నే బాయిలర్‌లో వేసేవాడు.

ఎక్కడి నుంచి ఎక్కడికో వెళ్ళాను. అసలు సంగతి, మా ఆవిడ బొమ్మలు చూసి బాగున్నాయంది. వస్తానని మాత్రం అనలేదు. శాలువా కింద నుంచి చేతులు బయటికి తీయలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఆ చేతుల సంగతి ఎక్కడో ఒకచోట రాసుకోవాలి.

మా ఆవిడ అదే లాండ్రీలో మరమ్మతు గదిలో ఉండేది. చిరిగినవి కుట్టడం, ఊడిన బొత్తాలు వేయడం. ఆ గది ఆడవాళ్ళంతా రిటైరయ్యాక కూడా ప్రతి గురువారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి టీ తాగుతారు, లోకాన్ని దులిపి ఆరేస్తారు. కిందటి ఏడాది ఆవిడ కుడి చేయి వణకడం మొదలైంది. ఒక గురువారం కప్పులో టీ అంతా పక్కనున్న స్నేహితురాలి ఒళ్ళో పోసింది. ఆ మనిషి ఏమీ అనలేదట. ఏం కాలేదులే వదినా అని తుడుచుకుందట. ముండా, నీ చెయ్యి విరగ అని తిట్టినా బాగుండేది, ఆ మెత్తదనమే భరించలేకపోయాను అంది మా ఆవిడ.

ఆ రోజు నుంచి గడప దాటలేదు. మోకాళ్ళ నొప్పని వాళ్ళకు కబురు పంపుతుంది. ఆ మోకాళ్ళు నా కంటే వేగంగా మెట్లెక్కుతాయి.

మణికట్టుకు కట్టుకోమని ఆసుపత్రిలో బరువు పట్టీ ఒకటి ఇచ్చారు. బూడిద రంగు, చచ్చిన ఎలుకలా ఉంటుంది. కట్టుకుంటే వణుకు సగం తగ్గుతుంది. కానీ అల్మారా అడుగున పడేసింది. అది కట్టుకుంటే నేను కనపడను, నా జబ్బు కనపడుతుంది అంది.

ఫిబ్రవరి 8, శనివారం

దుప్పటి వెతుకుతూ మనవరాలు ఆ పట్టీని చూసింది. అమ్మమ్మను ఏమీ అడగలేదు. నన్ను వంటింట్లోకి లాగి నిలదీసింది. చెప్పేశాను. విని, ఇదే బరువు ఇత్తడితో, తోలుతో చేద్దాం తాతయ్యా, మేళా కోసమని చెప్పి కట్టిద్దాం అంది.

ఆలోచన బాగుంది. బాయిలర్ విప్పేసినప్పుడు నాకిచ్చిన గేజి మూత ఉంది. పాత మెషిన్ బెల్టు ముక్క ఉంది. సరే అన్నాను. అంతవరకూ సవ్యంగానే ఉంది. పైన మూడు పళ్ళ చక్రాలు పెడదామంది. అవి దేన్ని తిప్పుతాయి అన్నాను. దేన్నీ తిప్పవు, అందానికి అంది. తిప్పని చక్రం అబద్ధం అన్నాను. నీకు ఈస్తటిక్ సెన్స్ లేదు అంది. నాకు లేనివి చాలా ఉన్నాయి, వాటిలో నీ అంత నోరు కూడా ఒకటి అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

దానితో మాట్లాడడం లేదు. అదీ నాతో మాట్లాడడం లేదు. ఇద్దరం కలిసి తోలు కోస్తున్నాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

పట్టీ అయింది. మూడు చక్రాల దగ్గర మొదలైన బేరం ఒక చక్రం దగ్గర తెగింది. చిన్నది, వేలు తగిలిస్తే గిర్రున తిరుగుతుంది. ఇప్పటికీ అబద్ధమే. చిన్న అబద్ధం.

మా ఆవిడ కట్టుకోనంది. ఈ వయసులో నాకు వేషాలేమిటి అంది. మనవరాలు పట్టీని బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి గిర్రుమని చప్పుడు. మళ్ళీ గిర్రు. పేపరు దించలేదు. ఒకే వార్త నాలుగుసార్లు చదివాను. ఏం వార్తో ఇప్పుడు గుర్తులేదు.

దించి చూసేసరికి ఆవిడ చేతికి పట్టీ ఉంది. ఎలా ఉంది అని అడిగింది. ఓడ కెప్టెన్‌లా ఉన్నావు అన్నాను. నోరు ముయ్యండి అంది. అయినా విప్పలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మేళాకు వస్తానంది! శాలువా కప్పుకుని వస్తుందట. ఎవరికీ చూపించదట. అలాగే అన్నాను.

ఆవిరి పరువు కాపాడడానికి ఎవరో ఒకరు ఉండాలని నేను నడుముకు కట్టుకునే చిన్న కెటిల్ ఒకటి తయారు చేశాను. కింద స్పిరిట్ దీపం, పైన ఈల. నిజంగా కూస్తుంది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోతున్నారు అంది మా ఆవిడ.

మార్చి 1, శనివారం, సాయంత్రం

ఆనవాయితీ ఒకటి ఉందని తెలియక వెళ్ళాం. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంది. కళ్ళకు ఒక జోడు, నుదుటి మీద ఇంకో జోడు. వచ్చిన ప్రతివాళ్ళనూ ఒంటి మీది వస్తువు ఒక్కొక్కటీ చూపించి, ఇదేం చేస్తుంది అని అడుగుతోంది. నిజం చెప్పొచ్చు, కట్టుకథైనా చెప్పొచ్చు. ఊరికే అందానికి అంటే మాత్రం చెల్లదు. మా ముందున్న కుర్రాడు తన టోపీ మేఘాలను అద్దెకిస్తుందన్నాడు. లోపలికి పంపేశారు.

నా వంతు వచ్చింది. నిజం ఆవిరమ్మా అన్నాను, గర్వంగా. అగ్గి లోపలికి రాకూడదు తాతగారూ అంది జోడు కళ్ళావిడ. స్టీమ్‌పంక్ మేళాకు స్టీమ్ నిషేధం! వాదించాను. అమ్మా, ఆవిరంటే అని మా పెద్దాయన కథ కూడా ఎత్తుకున్నాను. వెనక క్యూ పెరిగింది. మనవరాలు నా నడుము మీది దీపం ఊది ఆర్పేసింది.

ఆ గొడవలో శాలువా జారింది.

జోడు కళ్ళావిడ పట్టీని చూసి, అబ్బ, ఎంత బాగుందండీ, ఇదేం చేస్తుంది అంది. మా ఆవిడ ముఖం తెల్లబోయింది. నేను అడ్డుపడి, అది వైర్‌లెస్ అన్నాను. మీరాగండి అంది మా ఆవిడ. ఆగాను.

నా చెయ్యి వణుకుతుంది, ఇది పట్టుకుంటుంది అంది. గట్టిగానే చెప్పింది. పూర్తిగా పట్టుకుంటుందా అని జోడు కళ్ళావిడ అడిగింది. సగం అంది.

మా వెనక ఎవరో, అది వైద్యం సామాను, లెక్కలోకి రాదు అన్నారు. ఇంకెవరో, పనిచేసేదే లెక్కలోకి రాకపోతే ఇంకేం వస్తుందోయ్ అన్నారు. జోడు కళ్ళావిడ ఎవరినీ పట్టించుకోలేదు. చక్రం మీద వేలు పెట్టి, మరి ఇదేం చేస్తుందమ్మా అంది.

అది ఏమీ చేయదని ఇంట్లో చెవినిల్లు కట్టుకుని పోరింది నేనే.

మా ఆవిడ దాన్ని ఒకసారి గిర్రున తిప్పింది. ఇది లేకపోతే నేను దీన్ని కట్టుకోను అంది.

జోడు కళ్ళావిడ ముక్కు ఎగబీల్చి, నుదుటి మీది జోడు కూడా కళ్ళ మీదికి దించుకుంది. ఎందుకో నాకు అర్థమైంది. మా ఆవిడకూ అర్థమైంది. ఇదిగో అమ్మాయ్, లైను ఆగిపోయింది చూడు అంది. చెల్లింది, లోపలికి వెళ్ళండి అంది జోడు కళ్ళావిడ.

లోపల టీ ఇచ్చారు. మా ఆవిడ నిలబడి, అందరి మధ్యా తాగింది. కొంచెం ఒలికింది. ఎవరి ఒళ్ళోనూ కాదు, నా బూటు మీద. తుడుచుకోండి అంది.

మార్చి 2, ఆదివారం

మనవరాలు ఊరెళ్ళిపోయింది. వెళ్ళేముందు, ఒప్పుకో తాతయ్యా అంది. ఏమని అన్నాను. ఏమీ లేదులే అని బుగ్గ గిల్లి వెళ్ళింది. ఒప్పుకున్నాను, అది వీధి మలుపు తిరిగాక.

మార్చి 6, గురువారం

ఆవిడ ఇంట్లో లేదు. శాలువా ఇక్కడే ఉంది. పట్టీ లేదు.

టీ నేనే పెట్టుకున్నాను. ఈ ఇంట్లో పంచదార ఎక్కడుంటుందో నాకు తెలియదని ఇవాళే తెలిసింది. చప్పటి టీ. రెండు కప్పులు తాగాను.