కథలో పెట్టిన టేపు

12 జూన్ 2006, సోమవారం
పొద్దుటి నుంచి ముసురు. మిషన్‌కు నూనె పోసిన, బెల్టు బిగించిన. బడి చొక్కాలు పదకొండు కత్తిరించి పెట్టిన.
పోస్టుమన్ కవరు ఇచ్చి పోయిండు. హైదరాబాదు వారపత్రిక నుంచి. పోయిన చలికాలం పంపిన కథ... వేసుకుంటరట. రెండుసార్లు చదివిన. మూడోసారి నిలబడి చదివిన.
మా సిరొంచ మహారాష్ట్రల ఉన్నది, నేను పోయింది మరాఠీ బడి, ఏడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు పాత పేపర్లు చూసి నేర్చుకున్న. జాకెట్టు గుడ్డలకు చుట్టి వచ్చే పేపర్లు. ఇయ్యాల అవే అక్షరాల్లో నాకు ఉత్తరం.

13 జూన్, మంగళవారం
వాన. ఉత్తరం కింది సగం, ఎడిటర్ అడిగిన మార్పులు, ఇప్పుడు సరిగ్గ చదివిన.
"మీ కథలో ఆమె హిజ్రా అన్న సంగతి పెళ్లి రాత్రి దాకా దాచండి. పాఠకుడు ఉలిక్కిపడాలి. చివర ఆమె అతన్ని వదిలి వెళ్ళిపోతే హుందాగా ఉంటుంది. టైలర్ టేపుతో ఆమె కొలతలు తీసే సీను చాలా బాగుంది, ఇంకొంచెం పెంచండి. మారుపేరు పెట్టుకోవడం మీకే మంచిది."
వెళ్ళిపోతే హుందా. ఉండిపోతే ఏంది?
టేపు సీను బాగుందన్నందుకు మాత్రం సంతోషపడ్డ. ఈ డైరీల దాచేదేముంది.

15 జూన్, గురువారం
రాజమణి వచ్చింది. సంతలో ఎండు చేపలు అమ్ముకొని అటునుంచి అటే. చీరకు ఫాల్ కుట్టాలట. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేది నేను ఒక్కణ్ణే. మిగతావాళ్ళ నోటికి ఏదొస్తే అది.
ఉత్తరం సంగతి చెప్పిన.
"నా మీద రాసినవా?"
"నీ మీద కాదు. నీలాంటి..."
"నాలాంటిది ఇంకెవరున్నరు సిరొంచల? చదువు."
ఆమెకు తెలుగు చదవరాదు. గిరాకీ లేదు, వాన. నా దగ్గరున్న నకలు మొత్తం చదివి వినిపించిన.
అయిపోయినంక లేచింది. సంచి అందుకున్నది. మెట్టు దిగి వెనక్కి తిరిగింది.
"మాస్టర్, ఎన్నడన్న నాకు టేపు పెట్టినవా నువ్వు?"
పెట్టలేదు.
"మరి కథల ఎందుకు పెట్టినవ్?"

16 జూన్
పొద్దంత చొక్కాలకు కాజాలు కుట్టిన.

17 జూన్, శనివారం
మా దగ్గర ఆడవాళ్ళకు మగ టైలర్ టేపు పెట్టడు. ఆదికి పాత జాకెట్టు ఇస్తరు. దాన్ని బల్ల మీద పరిచి కొలుచుకుంటం. నాయన అట్లనే చేసిండు, నేనూ అంతే.
మూడేండ్ల కింద రాజమణి మొదటిసారి వచ్చిన రోజు — చేతులు పక్కకు చాపి నిలబడ్డది. కండ్లు మూసుకున్నది. "కొల్చుకో, తొందరగ" అన్నది. అంతకుముందు పోయిన దుకాణాల్లో ఏం జరిగిందో ఆ నిలబడుడే చెప్పింది. నేను బల్లకు ఇవతలనే ఉండి అడిగిన — "ఆది జాకెట్టు తేలేదా?"
కండ్లు తెరిచింది. చేతులు దించింది. మరునాడు తెచ్చింది. ఉతికి, మడత పెట్టి.
జరిగింది అది. కథలో నేను టేపు పెట్టిన. మెడ దగ్గర మొదలుపెట్టి పేజీన్నర. ఎందుకంటే... నాకు పెట్టాలని ఉండె. చెయ్యనిది కథలో చేసుకున్న. ఆమెను అడగకుండ.

19 జూన్, సోమవారం
అన్నకు తెలిసింది. నేను రాజమణికి చదువుతుంటె పోస్టుమన్ వానకు చూరు కింద నిలబడి విన్నడట, ఆయన కడుపులో మాట నిలవదు.
"తమ్మీ, పెండ్లి చేసుకోమంటె చేసుకోవు. గిదా నీ కథ? బజార్ల నవ్వుతున్నరు."
"నవ్వనియ్యి."
"నీ పేరుతోని అచ్చయితె మంచిగుండదు. ఈ దుకాణం నాది, యాదుంచుకో."
దుకాణం గది ఆయన పేరునే ఉన్నది, నిజమే. మిషన్ నాది అని జవాబిచ్చిన. అన్నకు ఎదురు మాట అనడం ఇదే మొదలు.

21 జూన్, బుధవారం
జర తెరిపి ఇచ్చింది. రాజమణి ఇంటికి పోయిన. చేపల తడికలు ఎండకు తిప్పుతున్నది. తప్పు ఒప్పుకున్న. టేపు పేజీలు ఆమె ముందరనే చింపిన.
నవ్వింది. "చింపితె అయిపాయెనా? నీ కోరిక చిత్తు కాయితమా?"
ఆమె తడికలు తిప్పుతనే చెప్పింది.
"లారీలోళ్ళు వస్తరు. చీకట్ల నేను కావాలె, పొద్దుగాల గుర్తువట్టరు. ఏటపల్లి దిక్కు ఇంకొకాయన ఉండె. నా పాదాలంటె పానం ఆయనకు. పట్టీలు తెచ్చి పెడుతుండె. నవ్వకు. అడిగి ముట్టుకునేటోడు. వద్దంటె చాయ తాగి పోతుండె. అసుంటి కోరిక ఉన్నందుకు ఆయన చెడ్డోడు కాదు. ఒక్కటే — పాదాలకాడనే ఆగిపోయిండు. మొకం దిక్కు చూడకపాయె."
"నాకు నీ గొంతు ఇష్టం." ఎట్ల వచ్చిందో మాట, వచ్చేసింది. ఆ బొంగురు గొంతు. సంతలో సన్నగ చేసి దాచుకుంటది.
తడిక కింద పెట్టింది. "ఊరోళ్ళు నవ్వేదే దానికి."
"నాకు అదే ఇష్టం."
"అట్లయితె ఇష్టమని రాయి. దొంగ లెక్క కొలతల పేరు చెప్పకు. ఇంకోటి. నీ కథల ఆమెకు ఏం కావాల్నో ఒక్కకాడన్న ఉన్నదా? సిగ్గువడతది, ఏడుస్తది. ఆకలన్న కాదు ఆమెకు!"
ఇంటికొచ్చి వెతికిన. ఇరవై రెండు పేజీలు. లేదు.

24 జూన్, శనివారం
ఎండ. మొదటి నుంచి మళ్ళీ రాస్తున్న. ఆమె హిజ్రా అని మొదటి వాక్యంలోనే పెట్టిన. ఉలిక్కిపడేవాడు అక్కడే పడి, లేచి, ఇష్టముంటే ముందుకు వస్తడు. టేపు లేదు, ఆది జాకెట్టు ఉన్నది. అతనికి ఆమె గొంతు ఇష్టం. అది వినడానికి చేపల ధర మళ్ళీ మళ్ళీ అడుగుతడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ మళ్ళీ మళ్ళీ చెప్తది.
ఆమె వెళ్ళిపోదు. వెళ్ళిపోనియ్య.

26 జూన్
బడులు తెరిచిన్రు. గిరాకీ. ఒక్క వాక్యం రాసిన. కొట్టేసిన.

28 జూన్, బుధవారం
ఆగిపోయింది కథ. ఆమెకు అతనిలో ఏం కావాలి? నలభై దగ్గరపడ్డ టైలర్, ముందరి పండ్లు ఎత్తు. ఊహకు అందలేదు. రాజమణినే అడిగిన. బజార్ల, ఆమె చేపల తక్కెడ పక్కన, పదిమంది ఉండంగ.
"ఏందీ, గిక్కడ చెప్పాల్నా?"
"ఇక్కడనే."
తూకం వేస్తనే చెప్పింది. గొంతు దాచకుండ. "దారం పండ్లతోని తెంపుతవు గద, అప్పుడు నీ మెడ వంగుతది. ఎనుక ఎముక లేస్తది. ఫాల్ అనుకుంట, హుక్కు అనుకుంట ఇన్నిసార్లు నేను వచ్చేది దాన్ని చూసేతందుకే."
చేపలకోసం నిలబడ్డ ముసలమ్మ — "ముందుగాల నా చేపలు తుయ్యవే బిడ్డా. ఆయన మెడ యాడికి పోదు."
అందరూ నవ్విన్రు. నేను కూడ. చెవులు కాలుతున్నయి. ఇన్నేండ్లు నా మెడ నాకే తెలియదు. ఎవరో అంత దగ్గరగ చూస్తున్నరంటే... ఒళ్ళు ముడుచుకుపోయింది. మళ్ళీ, చూస్తనే ఉంటే బాగుండనిపించింది. ఆమె రోజూ అందరి చూపుల కింద కూర్చొని చేపలమ్ముతది.
మెడ సంగతి కథలో పెట్టిన. తీసెయ్యాలనిపించింది. తియ్యలేదు.

29 జూన్
దారం కత్తెరతో తెంపిన. మధ్యాహ్నానికి మళ్ళీ పండ్లతోనే.

30 జూన్, శుక్రవారం
కథ అయింది, రాజమణికి చదివి వినిపించిన. తలుపులు తెరిచే పెట్టిన. మెడ దగ్గరికొచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
"ఆమె పేరేం పెట్టినవ్?"
"కమల."
"గదేం పేరు, పంతులమ్మ పేరు. సరే ఉండనియ్యి. కథ కమలది. నేను నేనే." కొంగు సర్దుకొని — "రాసినాయన పేరు?"
"మల్లేశం. టైలర్, సిరొంచ."
తల ఊపింది.

1 జూలై, శనివారం
రిజిస్టర్ పోస్టు చేసిన. పైన ఉత్తరం — "మార్పులు చేసిన. మీరు చెప్పినవి కావు. ఆమె ఉంటది. మారుపేరు వద్దు. వేస్తే ఇట్లనే వెయ్యండి, లేకుంటే తిప్పి పంపండి." ఒక్క కొట్టివేత లేదు.
పోస్టుమన్ కవరు వెనక నా పేరు చదివి, నా మొహం చూసిండు. నేనూ చూసిన. ఆయనే తల తిప్పుకున్నడు.

3 జూలై, సోమవారం
మబ్బు. కథ ఇంకా ఏ పోస్టు సంచిలో ఉన్నదో. అన్న పొద్దుగాల మనిషితోని చెప్పి పంపిండు — మధ్యాహ్నం వస్తడట, దుకాణం తాళంచెవి చేతికియ్యాలట. రాజమణికి ఎవరు చెప్పిన్రో. వచ్చింది. లోపలికి రాలేదు. బజారు దిక్కు మొహం పెట్టి ముందరి బెంచీ మీద కూర్చున్నది.
"అన్న వచ్చే యాళ్ళయింది. పో రాజమణీ, ఊకె లొల్లయితది."
"రానియ్యి. బావగారిని చూడొద్దా నేను?"
బావగారు... ఎన్నడూ అనని మాట. బజారు వినేటట్టే అన్నది. నేను కాదనలేదు. మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టిన. ఎదురు దుకాణపోళ్ళు పని ఆపి చూస్తున్నరు. చూడనియ్యి.
బల్ల దగ్గరికొచ్చి ఇది రాస్తున్న. అన్న గొడుగు మూలమలుపు దాటింది. తాళంచెవి నా జేబులోనే ఉన్నది, చేతికియ్య. మిషన్ మీద పంతులుగారి ప్యాంటు, ఒక కాలు మడత కుట్టడం అయింది, రెండోది ఆయన ముందరనే కుడత.