ఆ కెప్టెన్ కోసం మా సంఘమంతా మోకరించింది

శంషాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రూతక్కకు,

నీ చెల్లెలు సలోమి ప్రేమతో చెప్పే వందనాలు. నేనిక్కడ బాగున్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, మందుబిళ్ళతో పని పడలేదు. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందో లేదో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మూడు పేజీలూ నన్ను తిట్టడానికే సరిపోయాయి పాపం.

సరే, ముందు దానికే జవాబు. మా సంఘ పెద్ద దానియేలు గారు అమ్మకి ఫోన్ చేసి చెప్పిందంతా నిజం. గుడిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో సినిమా కాగితం వేసింది నేనే. "సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పాలి, సినిమాలు మానేశానని సాక్ష్యం ఇవ్వాలి, లేకపోతే పిల్లల ఆదివారపు బడి నీకుండదు" అని ఆయన అన్నదీ నిజం. నువ్వు కూడా "ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోయింది" అని రాశావు. ఆ మాట ఈ ఉదయం అనాల్సి వచ్చింది. అనలేదక్కా. నేను మానను. ఎలా జరిగిందో చెప్తాను గానీ, ముందు ఈ నెల సినిమాలు. వరస తప్పితే నీకు నచ్చదని తెలుసు.

మొదటిది మన తెలుగుదే. ఒక ఊళ్ళో బావి తవ్వుతుంటే అడుగున నీళ్ళకి బదులు ఆకాశం కనిపిస్తుంది. మొదటి సగం ఎంత బాగుందంటే చేతిలో ఉన్న సమోసా చల్లారిపోయింది. రెండో సగంలో హీరో ఆ బావిలోకి దూకి వేరే గ్రహం మీద తేలి, అక్కడ కూడా నలభై మందిని తన్నాడు. నాతో వచ్చిన లక్ష్మి (మంఖాల్ నుంచి వస్తుంది, విమానాశ్రయం కార్గోలో నా పక్క టేబులే) నుదురు కొట్టుకుంది.

"ఏందక్కా గిది? గంత దూరం పోయి గీ లొల్లేనా?"

కాబట్టి ఆ బావి దాకా చూస్తే చాలు.

రెండోది ఫోనులో వచ్చే సీరియల్. ఒక ఆసుపత్రిలో మరమనిషి నర్సు ఉంటుంది. రోగి అబద్ధం చెప్తే కనిపెడుతుంది కానీ, పైకి అనదు. ఆరో భాగం వరకు కళ్ళు తిప్పుకోలేవు. ఆ తర్వాత పాకం ముదిరింది. కింద తెలుగు అక్షరాలు వస్తాయి, నువ్వు హాయిగా చూడొచ్చు.

ఇంకో ముచ్చట. నగరంలో ఇలాంటి సినిమాల పిచ్చివాళ్ళంతా వేషాలు వేసుకుని కలిసే పండగ ఒకటి జరిగింది. మందుల పెట్టెలకి వేడి తగలకుండా మేం కప్పే వెండి రంగు దుప్పట్లు ఉంటాయే, చిరిగిపోయినవి రెండు సూపర్‌వైజర్‌ని అడిగి తెచ్చుకుని వ్యోమగామి దుస్తులు కుట్టుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడదానికి ఇవేం వేషాలని నువ్వనే లోపు నేనే అంటున్నాను: అవును, వేషాలే. బస్సులో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, ఏ కంపెనీ యూనిఫారం గది?" అని అడిగాడు. చంద్రుడి మీద డ్యూటీ అని చెప్పాను. ఆయన తలూపి కిటికీ వైపు తిరిగాడు.

ఇక్కడ వానలు గట్టిగానే పడ్డాయి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే మా కంపెనీ బస్సు రెండు రోజులు చుట్టూ తిరిగి వచ్చింది. పని మామూలే. పెట్టెలకి లేబుళ్ళు అంటించడం, బరువు చూడటం, విమానం ఎక్కించేవాళ్ళకి అప్పగించడం. లక్ష్మి సర్వపిండి తెస్తుంది, తినేటప్పుడు ఊరు గుర్తుకు రాదు. తిన్నాక వస్తుంది. అలాంటప్పుడే నీకు చీటీలు రాస్తుంటాను.

ఆ చీటీల వల్లే వచ్చింది ఈ గొడవంతా. తప్పు అచ్చుపడిన లేబుళ్ళని పారేస్తుంటే వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా అని అడిగి తెచ్చుకుంటాను. సగం గుడికి ఇస్తాను, విన్నపాలు రాసుకోవడానికి. మిగతా సగం మీద సినిమా చూసి రాగానే నీ కోసం గుర్తులు రాసుకుంటాను. ఆ ఆదివారం నా సంచిలో రెండు చీటీలున్నాయి. చూసుకోకుండా ఒకటి పెట్టెలో వేశాను, ఒకటి నీ కవరులో పెట్టాను. "పెద్దావిడ, మోకాలు, మెట్లు దిగలేకపోతోంది" అన్న చీటీ చూసి ఇదేం సినిమా అని అడిగావే, అది సినిమా కాదు తల్లీ, అమ్మ!

పెట్టెలో పడింది మూడో సినిమా. అందులో కెప్టెన్‌కి యాభై దాటాయి. అంతరిక్షం నుంచి ఇంటికి తిరిగి వస్తుంటే ఆమె రేడియో సగం చెడిపోతుంది. ఆమె మాట భూమికి వినిపిస్తుంది, భూమి చెప్పేది ఆమెకి వినిపించదు. నేను మూడు సార్లు చూశాను. ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు.

పాస్టర్ గారు చీటీ విప్పి పైకి చదివారు. "కెప్టెన్. ఒంటరి మనిషి. దారి తప్పింది. గాలి నాలుగు రోజులకే ఉంది. ఎవరి మాటా వినపడదు. ఇంటి దగ్గర చెల్లెలు ఎదురు చూస్తోంది."

విమానాశ్రయం పక్క సంఘం కదా, కెప్టెన్ అనగానే అందరికీ గుండె జారింది. ఎవరిదో విమానమో ఓడో ఆపదలో ఉందనుకున్నారు. గుడంతా మోకరించింది. నా పక్కన శాంతమ్మవ్వ, తుక్కుగూడలో కూరగాయలమ్మే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ప్రభువా, గా బిడ్డకు జర తొవ్వ చూపియ్యి" అంటోంది. నేను తల ఎత్తలేకపోయాను. మొదట సిగ్గు, తర్వాత నవ్వు, ఆఖరికి నాక్కూడా ఏడుపే వచ్చింది.

ఆరాధన అయ్యాక నేనే పోయి నిజం చెప్పాను. దాచిపెట్టుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. దానియేలు గారి ముఖం ఎర్రబడింది.

"ఏందమ్మా గిది? దేవుని మందిరంల సినిమా ముచ్చట్లా?"

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

ఇక ఈ ఉదయం. సాక్ష్యాల సమయంలో ఆయన నా పేరు పిలిచారు. పిల్లలు ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తున్నారు. వాళ్ళని వదులుకోవాలని నాకు ఎంత మాత్రం లేదక్కా. నిలబడ్డాను.

"చీటీ తప్పు నాది. మీ చేత అబద్ధానికి ప్రార్థన చేయించాను, అందుకు చేతులెత్తి క్షమాపణ అడుగుతున్నాను. సినిమా మాత్రం మానను" అన్నాను.

అక్కడితో ఆగలేదు. నీ సంగతి చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను, కోపం తెచ్చుకో, పడతాను. పదహారేళ్ళకి జ్వరంతో నీ చెవులు పోయాయని చెప్పాను. ఆ మరుసటి ఏడాది మనం రేపల్లె హాల్లో సినిమా చూస్తుంటే, నేను నీ అరచేతిలో మాట రాసేసరికి ఆలస్యమై, అందరూ నవ్వడం అయిపోయాక నువ్వొక్కదానివే పకపకా నవ్వావని చెప్పాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి వెక్కిరించారనీ, ఆ రోజు నుంచి నువ్వు హాలు గడప తొక్కలేదనీ చెప్పాను.

"అప్పటి నుంచి నేను చూసి ఆమెకి రాస్తున్నాను. నేను మానేస్తే నాకొక్కదానికే కాదు, మా అక్కకి కూడా మాన్పించినట్టే. ఆ పని చెయ్యను" అని కూర్చున్నాను.

దానియేలు గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "మంచిది తల్లీ. పిల్లల బడి ఇగ వేరేవాళ్ళు చూస్తరు" అన్నారు. అయినా నేను తల దించలేదు.

అప్పుడు శాంతమ్మవ్వ లేచింది.

"గవన్నీ తర్వాత మాట్లాడుకోండ్రి. గా బిడ్డ ఇల్లు చేరిందా లేదా, గది చెప్పు ముందుగాల. రెండు వారాల సంది పరేషాన్ అయితున్న!"

ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపే తిరిగారు. పాస్టర్ గారు బైబిలు మూసి, పేజీ పోకుండా వేలు మధ్యలో పెట్టుకుని ఆగారు. దానియేలు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు గానీ, చెవి ఇటే ఉంది. మొత్తం కథ చెప్పాను. శాంతమ్మవ్వ కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

పిల్లల బడి మాత్రం పోయింది. ఎవరినీ మధ్యలో పెట్టి బతిమాలించకు, అమ్మ చేత ఫోన్ చేయించకు. నేను తప్పు చేసినంత మేరకు క్షమాపణ చెప్పాను, అంతకు మించి ఒక్క అక్షరం చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. ఆ సినిమా ఫోన్లలోకి కూడా వచ్చింది. వచ్చే శనివారం సాయంత్రం శాంతమ్మవ్వ వాకిట్లో తెల్ల దుప్పటి కట్టి వేస్తున్నాం. లక్ష్మి వాళ్ళ ఇంట్లో ప్రొజెక్టర్ ఉంది. గుడి నుంచి పదిమంది దాకా వస్తామన్నారు. నువ్వు రావాలి. సికింద్రాబాద్ స్టేషన్‌కి నేనే వస్తాను. వచ్చేటప్పుడు ఎండు రొయ్యల పొడి, గోంగూర పచ్చడి తేవడం మర్చిపోకు.

బావగారికి నమస్కారాలు, నాలుగు రోజులు నిన్ను పంపమని నా మాటగా చెప్పు. అమ్మకి ముద్దులు, తన మోకాలి కోసం ఈసారి సరైన చీటీయే వేశానని చెప్పు. పెద్దమ్మ వాళ్ళందరినీ అడిగానను. మీ అందరి దీవెన నా మీద ఉంటే చాలు, ఇక్కడ నేను ఎవరికీ జంకను.

కెప్టెన్ ఇల్లు చేరిందో లేదో అందరికీ చెప్పాను గానీ నీకు రాయను. వచ్చి చూడు. దుప్పటి మీద కింద తెలుగు అక్షరాలు పడతాయి, మాట కంటే ఒక్క క్షణం ముందే పడతాయి. ఈసారి అందరికంటే ముందు నువ్వే నవ్వుతావక్కా.

నీ మొండి చెల్లెలు,
సలోమి