అక్క విస్తరి ముందు

అక్కా,

నువ్వు పోయావన్న కబురు విన్నప్పటి నుంచి ఈ గల్ఫ్‌లో రోజూ రెండు బస్సులు మారి, ఇంటికొచ్చే అనుమతి కోసం ఆఫీసుకు తిరుగుతున్నాను. "రేపు రా" అంటారు. ఆ రేపు వచ్చేసరికి సర్వర్ పనిచేయదు.

ఇవాళ ఎల్లారెడ్డిలో నీ పేరున విస్తరిలో అన్నం వడ్డించి పిట్టకు పెట్టారు. ఇక్కడ ఆఫీసు లైన్లో నిలబడి ఉంటే బావ వీడియో కాల్ చేశాడు.

"కాకి ముడ్తలేదురా. మీ అక్క పానం నీ మీదనే ఉన్నది. వస్తున్న అని ఒక్క మాట చెప్పు."

ఫోన్ విస్తరి వైపు తిప్పాడు. ఇంతమంది మధ్యలో గట్టిగా అరిచాను.

"అక్కా, బయల్దేరిన! వస్తున్న!"

కాకి దిగి అన్నం ముట్టింది. అక్కడ అందరూ నీకు దండం పెట్టారు. ఇక్కడ కౌంటర్ మూసేశారు.

నా మాట నమ్మి నువ్వు వెళ్ళిపోయావు. నేనింకా లైన్లోనే ఉన్నానక్కా.