సందులోకి పోయించిన ర్యాంపు

నందిగామ

అన్నయ్యా,

నేను బాగానే ఉన్నాను. చేతి మీద బొబ్బలు మానుతున్నాయని అమ్మకు చెప్పు. ఫోనులో అయితే "సర్లేరా" అని పెట్టేస్తావు, అందుకే కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ చదివితే చదవనీ.

ఈ నెలంతా మా ఫైర్ స్టేషన్ వాళ్లం ఊరూరా తిరిగి, సందుల్లో బండి పట్టేంత దారి వదలండని మైకులో మొత్తుకున్నాం. మన ఊళ్లో మైకు పట్టుకుంది నేను, ముందు కూర్చుని చప్పట్లు కొట్టింది నువ్వు. తీరా మన సందు చివర సౌభాగ్యమ్మత్త ఇంట్లో పోసిన పత్తి అంటుకున్న రోజు, మా బండి ఎక్కడ ఆగింది? నీ బైకు మన ఇంటి అరుగు ఎక్కడానికని సందులోకి పోయించిన సిమెంటు ర్యాంపు దగ్గర! అక్కడినుంచి పైపులు లాక్కుని పరిగెత్తేసరికి పత్తంతా బూడిదైంది.

అత్త నన్ను తిట్టలేదు. "మీ ఇంటిముందే ఆగిపోయిందా నాయనా బండి?" అంది. నేను యూనిఫాంలో తల దించుకున్నాను. నువ్వేమో ర్యాంపు అంచు విరిగిందని మా డ్రైవరు మీద అరుస్తున్నావు. సిగ్గుండాలి.

అమ్మ కంటి చుక్కలు అయిపోయాయా? ఆదివారం తెస్తాను, గునపం కూడా తెస్తాను. అమ్మకు, వదినకు వందనాలు. నీకు మాత్రం ఆ ర్యాంపు పగిలాకే.

నెహెమ్యా